మొదటి విడుదలలో ‘స్టార్ వార్స్’ చూసినవారు ఎవరైనా ఉన్నారా?

#1 · వానచినుకు · శనివారం రాత్రి 9:12

వచ్చే నెలలో మా నాన్నకు 75 నిండుతాయి. 1976లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో ఎమ్మెస్ చేయడానికి లాస్ ఏంజెలెస్ వెళ్లి, నాలుగేళ్లు ఉండి, మళ్లీ కాకినాడ వచ్చేశారు. మా చిన్నప్పుడు కరెంటు పోయిన ప్రతి రాత్రీ అరుగు మీద ఆయన చెప్పే కథ ఒకటే. హాలీవుడ్ బౌలెవార్డ్‌లో చైనీస్ థియేటర్ ముందు మూడు గంటలు క్యూలో నిలబడి ‘స్టార్ వార్స్’ చూసిన కథ. సిమెంటులో అచ్చుపడిన తారల పాదముద్రల్లో తన చెప్పుల కాలు పెట్టి కొలుచుకోవడం, ముందు నిలబడ్డ లావాటి మనిషి నీడలో ఎండ తప్పించుకోవడం, అన్నీ మాకు కంఠతా వచ్చు. ఆ తర్వాత ఆయన ఆ సినిమా మళ్లీ చూడలేదు. చూద్దామంటే, “ఆ తెర మీద చూశాక ఈ టీవీలో ఏం చూస్తాం” అనేవారు.

పోయిన ఆదివారం బ్లూరే డిస్కు తెప్పించి బలవంతంగా కూర్చోబెట్టాను. మొదట బాగానే చూశారు. ఎడారి పట్నం వచ్చేసరికి “ఇన్ని జంతువులు లేవే” అని గొణిగారు. సారా కొట్టు సీనులో ఆ ఆకుపచ్చ మనిషీ హాన్ సోలో దాదాపు ఒకేసారి కాల్చుకున్నారు. నాన్న రిమోట్ అందుకుని ఆపేశారు. “వాడికి కాల్చే సందు ఎవరిచ్చారు? ఇది నేను చూసిన సినిమా కాదమ్మా” అని లేచి మజ్జిగ తాగడానికి వెళ్లిపోయారు.

ఆయన చూసిన సినిమా ఆయనకు చూపించాలంటే ఏం చేయాలి? అసలు అప్పుడు తెర మీద ఏముంది? చూసినవారు చెప్పండి.

#2 · నల్లముసుగు · శనివారం రాత్రి 9:40

మీ నాన్నగారికి సాష్టాంగం. రిమోట్ నొక్కిన చేతికి ఇంకొకటి.

1977 మే 25, బుధవారం. అమెరికా మొత్తంలో 32 హాళ్లు. అంతే. నమ్మకం లేక ఎవరూ తీసుకోకపోతే, ‘ది అదర్ సైడ్ ఆఫ్ మిడ్‌నైట్’ అనే తమ మరో సినిమా కావాలంటే ఇదీ ఆడించాల్సిందేనని ఫాక్స్ కంపెనీ హాళ్లవారికి అంటగట్టింది. ఆ రెండో సినిమా పేరు ఇప్పుడు ఇలాంటి చర్చల్లో తప్ప ఎక్కడా వినపడదు.

ఆ విడుదలలో సారా కొట్టులో హాన్ ఒక్కడే కాల్చాడు, అదీ బల్ల కింద నుంచి. గ్రీడోకు, అంటే మీరన్న ఆకుపచ్చ మనిషికి, అవకాశమే రాలేదు. 1997 జనవరి 31న ‘స్పెషల్ ఎడిషన్’ అంటూ మళ్లీ విడుదల చేసినప్పుడు గ్రీడో ముందు కాల్చినట్టు మార్చారు. 2004 డీవీడీలో దాన్ని మళ్లీ దిద్దారు. 2019లో డిస్నీ ప్లస్‌లో పెట్టేటప్పుడు గ్రీడో చచ్చేముందు “మక్లంకీ” అని ఏదో అంటాడు. ఎడారి పట్నంలో జంతువులు, కంప్యూటర్లో గీసిన జబ్బా అనే లావాటి ముఠా నాయకుడు, ఇవన్నీ 1997 సరుకే.

1997 తర్వాత పాత రూపం డీవీడీ మీద మాత్రమే అధికారికంగా దొరికింది. 2006లో డీవీడీతో పాటు అదనపు డిస్కుగా ఇచ్చారు. అది కూడా లేజర్ డిస్కుల కోసం 1993లో చేసిన మాస్టర్ నుంచి తీసింది. ఇప్పటి పెద్ద టీవీలో వేస్తే అద్దాలు తుడుచుకోవాలనిపిస్తుంది.

ఇంకో చిత్రం. 1988లో పాత నలుపు తెలుపు సినిమాలకు రంగులు పూయకూడదని, తీసిన కళను తర్వాత మార్చడం అనాగరికమని అమెరికా సెనేట్ కమిటీ ముందు వాంగ్మూలం ఇచ్చింది ఎవరనుకున్నారు? ఈ సినిమా తీసిన జార్జ్ లూకాస్.

#3 · డాక్టరమ్మ_డెట్రాయిట్ · శనివారం రాత్రి 11:05

నేను చూశాను. జూన్ మొదటి వారం, డెట్రాయిట్ శివార్లలో, 70 ఎంఎం తెర మీద. అప్పుడు నేను రెసిడెన్సీలో ఉన్నాను. నైట్ డ్యూటీ దిగి, నిద్రపోకుండా, వార్డులో పనిచేసే ఫిలిప్పీన్స్ నర్సుతో పాటు మ్యాటినీకి వెళ్లాను. చీర మీద కోటు. ఏం సినిమాకు వెళ్తున్నామో కూడా నాకు సరిగా తెలియదు, ఏసీ ఉంటుందని వెళ్లాను.

మొదట పసుపు అక్షరాలు కిందినుంచి పైకి పోయాయి. నేను సగం చదివేసరికే వెళ్లిపోయాయి. ఆ తర్వాత ఒక చిన్న ఓడ మన తల మీదుగా దూసుకుపోయింది. సరే అనుకున్నాను. దాని వెనుక రెండోది వచ్చింది. వస్తూనే ఉంది. దాని పొట్ట అయిపోదు. ఇక అయిపోయిందనుకుంటే ఇంకొంత. హాల్లో కుర్చీలు అదిరాయి. పక్కనున్న నర్సు నా మోచెయ్యి పట్టుకుంది. ఎక్కడో వెనుక వరుసలో ఒకాయన గట్టిగా నవ్వాడు, భయపడ్డవాడి నవ్వు. సినిమా మొదలై నిమిషం కూడా కాలేదు.

నిజం చెప్పనా? ఆ తర్వాత నాకు కొత్తగా అనిపించినవి తక్కువ. రాజకుమారి చెరలో ఉంది. నల్లబట్టల మాంత్రికుడు ఉన్నాడు. అడవిలో కాకపోతే ఎడారిలో ముసలి గురువు ఉన్నాడు. పొలం పనులు చేసుకునే కుర్రాడికి సాహసం మీద మోజు. గుడివాడలో పాక హాల్లో ‘పాతాళ భైరవి’ చూసినదాన్ని, తోటరాముడిని గుర్తుపట్టలేనా? అమెరికావాళ్లు నోళ్లు తెరుచుకుని చూస్తుంటే నాకు మాత్రం మా ఊరి సినిమాను ఎవరో ఆకాశంలోకి ఎక్కించినట్టు ఉంది. ఆ వేసవిలో ఆరుసార్లు చూశాను. ఆరుసార్లూ అదే హాలు.

#4 · హైదరాబాదీ97 · ఆదివారం ఉదయం 7:20

పెద్దల మధ్య మాట్లాడుతున్నందుకు క్షమించాలి. నేను ఈ సినిమా హాస్టల్లో, రెండు వీసీడీల మీద చూశాను. మొదటి డిస్కు అయిపోయి రెండోది పెట్టేలోపు ఎవరో టీ తాగి వచ్చారు. నేను చూసింది 1997 రూపం. నా జబ్బా కంప్యూటర్ జబ్బానే. నాకు అదే అసలు. మీకు 1977 ఎంతో నాకు ఆ వీసీడీ అంత. ముందు పుట్టినంత మాత్రాన మీ జ్ఞాపకం అసలు, నాది నకిలీ ఎలా అవుతుంది?

#5 · నల్లముసుగు · ఆదివారం ఉదయం 7:31

మీ జ్ఞాపకం నకిలీ కాదు. మీ జబ్బా నకిలీ.

#6 · రీలుపెట్టె · ఆదివారం ఉదయం 10:15

నమస్కారం. నేను విజయవాడలో 31 ఏళ్లు ప్రొజెక్టర్ ఆపరేటరుగా పనిచేసి దిగినవాణ్ణి. ఈ సినిమా నా చేతుల మీదుగా ఆడలేదు, కాబట్టి ఆడించానని చెప్పను. కానీ దీనితో నాకు ఒక చుట్టరికం ఉంది.

ఆ కాంతి కత్తి ఉంది కదా, తిప్పినప్పుడు ‘వ్వ్వూం’ అంటుంది. మా మనవడి దగ్గర బొమ్మ కత్తి ఉంది, బటన్ నొక్కితే అదే శబ్దం. మొదటిసారి విన్నప్పుడు నేను వంటింట్లోంచి లేచి వచ్చాను. అది నా క్యాబిన్ చప్పుడు. తర్వాత తెలిసింది, ఆ సినిమాకు శబ్దాలు చేసిన బెన్ బర్ట్ చదువుకునే రోజుల్లో కాలేజీలో ప్రొజెక్టర్ నడిపేవాడట. అక్కడి పాత ప్రొజెక్టర్ల మోటార్లు ఫిల్ము కదలకుండా ఊరికే ఉన్నప్పుడు చేసే మూలుగును టేపు మీద ఎక్కించాడు. దానికి టీవీ గొట్టం దగ్గర మైకు పెడితే వచ్చే గరగర కలిపాడు. ఆ రెంటినీ స్పీకరులో మోగిస్తూ దాని ముందు మైకును ఊపితే కత్తి ఊపినట్టు వచ్చింది.

ప్రొజెక్టర్‌లో వెలుగిచ్చే కార్బన్లు సరిచేసుకుంటూ, తర్వాతి రీలు ఎక్కించి, రీలు మార్చమని చెప్పే చుక్క కోసం తెర మూల వైపు చూస్తూ నిలబడ్డప్పుడు ఆ మూలుగు మన ఒంట్లోకి ఎక్కుతుంది. ఇంటికెళ్లి పడుకున్నా చెవిలో ఉంటుంది. మా ఆవిడ విసుక్కునేది. ఆ చప్పుడు పట్టినాయనకు ఆస్కార్ వస్తుందని అప్పుడే తెలిస్తే ఆమెకు చెప్పేవాణ్ణి. 1978లో ఆ సినిమాలో వింత జీవులకూ మరమనుషులకూ గొంతులు సృష్టించినందుకు ఆయనకు ప్రత్యేక పురస్కారం ఇచ్చారు.

#7 · ఖాళీపెట్టె · ఆదివారం మధ్యాహ్నం 1:48

నా పేరు చూసి నవ్వకండి, దాని వెనుక కథ ఉంది. నేను న్యూజెర్సీలో పుట్టాను. 1977లో నాకు ఆరేళ్లు. సినిమా చూశాక నాకు బొమ్మలు కావాలి. కానీ ఇంత ఆడుతుందని ఎవరూ అనుకోలేదు కాబట్టి బొమ్మలు చేసే కెన్నర్ కంపెనీ దగ్గర క్రిస్మస్‌కు ఒక్క బొమ్మ కూడా సిద్ధంగా లేదు. అందుకని వాళ్లు ఖాళీ అట్టపెట్టె అమ్మారు! నిజం. లోపల బొమ్మల స్థానంలో నిలబెట్టుకునే అట్ట, కొన్ని స్టిక్కర్లు, పోస్టులో పంపాల్సిన పత్రం. ఆ పత్రం పంపితే కొత్త ఏడాదిలో నాలుగు బొమ్మలు ఇంటికి వస్తాయి. కథానాయకుడు ల్యూక్, రాజకుమారి లేయా, ఒళ్లంతా బొచ్చున్న చ్యూబాకా, పొట్టి మరమనిషి ఆర్2-డీ2.

అమ్మ రసీదు చూసి, పెట్టె తెరిచి, తలకిందులు చేసి దులిపి చూసింది. “డబ్బిచ్చి గాలి కొన్నారా?” అని నాన్నను అడిగింది. నేను ఏడ్చాను. సంక్రాంతికి మా ఇంట్లో బొమ్మల కొలువు పెట్టేవాళ్లు. ఆ ఏడాది నా ఏడుపు చూడలేక అమ్మ ఆ ఖాళీ అట్టను మూడో మెట్టు మీద పెట్టింది, కొండపల్లి ఏనుగు అంబారీకి, చెట్టియార్ దంపతులకు మధ్య. పేరంటానికి వచ్చిన ప్రతి ఆంటీ “ఇక్కడ ఏం బొమ్మమ్మా?” అని అడిగితే “వస్తున్నారు, దారిలో ఉన్నారు” అని చెప్పేది. శీతకాలం పోయేముందు వచ్చారు. మరుసటి సంక్రాంతికి ఆర్2-డీ2 వెంకటేశ్వరస్వామి పక్కన నిలబడ్డాడు. ఇప్పటికీ మా కొలువులో ఉంటాడు. ఒక కాలు లేదు.

#8 · వానచినుకు · ఆదివారం సాయంత్రం 6:30

అందరికీ చాలా థ్యాంక్స్. మీ పోస్టులన్నీ నాన్నకు చదివి వినిపించాను. పాతాళ భైరవి మాటకు “డాక్టరమ్మగారు సరిగ్గా చెప్పారు” అన్నారు. రీలుపెట్టె గారి మోటారు మూలుగు రెండుసార్లు చదివించుకున్నారు.

ఆ తర్వాత మూడ్ వచ్చి కొత్త సంగతి చెప్పారు. చూసింది జులై 4న, అమెరికా స్వాతంత్ర్య దినం సెలవు కాబట్టి బాగా గుర్తుందట. ఆ సినిమాలో ఆయనకు అన్నిటికంటే గుర్తున్నది కత్తులూ కాదు, ఓడలూ కాదు. శత్రువుల కోటలో వీళ్ల ఓడను పట్టి ఉంచే శక్తి కిరణం ఉంటుంది కదా. దాని గురించి బంగారు రంగు మరమనిషి చెబుతాడట, అది ప్రధాన రియాక్టరుకు ఏడు చోట్ల కలిపి ఉంది, వాటిలో ఒక్కచోట కరెంటు పోతే చాలు ఓడ బయటపడుతుంది అని.

నాన్నకు ఒళ్లు మండిపోయిందట. “ఏడు చోట్ల కలిపేదే ఒకటి పోయినా మిగిలిన ఆరూ నిలబెడతాయని. ఒకటి పోతే అన్నీ పోయేలా కట్టడానికి అదేమన్నా శ్రీరామనవమి పందిరి సీరియల్ లైట్లా?” అని బయటికి వచ్చాక స్నేహితుడితో బస్సు దిగేదాకా వాదించారట. ఆ స్నేహితుడు సివిల్ ఇంజనీరు కాబట్టి అతనికి అర్థం కాలేదట.

#9 · డాక్టరమ్మ_డెట్రాయిట్ · ఆదివారం రాత్రి 8:02

అమ్మాయీ, మీ నాన్నగారి మీద గౌరవంతోనే చెబుతున్నాను. ఆ మాట 1977లో లేదు. నేను ఆరుసార్లు చూశాను. ఆ సీనులో ఆ మరమనిషి ఏడు చోట్ల సంగతి ఎత్తనే లేదు. 1997లో మా అబ్బాయితో కలిసి చూసినప్పుడు మొదటిసారి విన్నాను, “ఇదెక్కడ నుంచి వచ్చింది” అని వాడిని అడిగాను కూడా. నాన్నగారు మధ్యలో ఎప్పుడో టీవీలో కొత్త రూపం చూసి మరచిపోయి ఉంటారు. మా వయసులో అది మామూలే.

#10 · వానచినుకు · ఆదివారం రాత్రి 8:40

చదివి వినిపించాను. పొరపాటు చేశాను. “నేను ఒక్కసారే చూశాను. ఆమె ఆరుసార్లు చూసి ఏం విన్నారు?” అన్నారు. భోజనం దగ్గర మాట్లాడలేదు.

#11 · నల్లముసుగు · ఆదివారం రాత్రి 9:15

జ్ఞాపకం మహా మాయలాడి. నాకు తెలిసిన చాలామంది 1977లోనే పసుపు అక్షరాల పైన ‘ఎపిసోడ్ 4’ అని చూశామని ఒట్టేసి చెబుతారు. అది మొదటి విడుదలలో లేదు. 1981లో మళ్లీ విడుదల చేసినప్పుడు చేర్చారు. అప్పటికి రెండో సినిమా వచ్చేసింది, దానికి ‘ఎపిసోడ్ 5’ అని పెట్టారు కాబట్టి మొదటిదాన్ని నాలుగు చేశారు. ఇంకొందరు ల్యూక్ తన స్నేహితుడు బిగ్స్‌తో ఎడారిలో కబుర్లు చెప్పే సీను హాల్లో చూశామంటారు. అది తీశారు కానీ కోసేశారు. వాళ్లు చదివింది మార్వెల్ కామిక్కులో, నవలలో. రెండూ సినిమా కంటే ముందే వచ్చాయి. చదివిందీ చూసిందీ కలిసిపోయాయి.

కాబట్టి నా ఓటు డాక్టరమ్మగారికి.

#12 · ఉప్పుమిరప · సోమవారం తెల్లవారుజామున 2:10

మొదటి సినిమా దగ్గరే తగవు పడుతున్నారు, రెండోదానికి రండి. 1980 మే, షికాగో. నాకు పదేళ్లు. ‘ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్’కు మా ఇంటిల్లిపాదీ వెళ్లాం, తెనాలి నుంచి కొత్తగా వచ్చిన మా బామ్మతో సహా. ఆవిడకు ఇంగ్లీషు రాదు. నేను పక్కన కూర్చుని చెవిలో చెబుతూ ఉన్నాను.

నల్లబట్టల ముసుగువాడు, అదే విలన్ డార్త్ వేడర్, కుర్రాడు ల్యూక్ చెయ్యి నరికాడు. ఆ తర్వాత ఆ మాట అన్నాడు, నేనే నీ తండ్రిని అని. హాలు మొత్తం ఊపిరి బిగబట్టింది. నాకూ నోట మాట లేదు. బామ్మ మోచేత్తో పొడిచింది, ఏమన్నాడని. చెప్పాను. బామ్మ ఏమాత్రం కంగారు పడలేదు. “మరి తల్లి ఎవరు?” అంది.

మూడేళ్లు, 1983 మే 25న ‘రిటర్న్ ఆఫ్ ది జెడై’ వచ్చేదాకా, బడిలో మేమంతా కొట్టుకున్నది ఒక్కటే, వాడు నిజం చెప్పాడా అబద్ధమా అని. షూటింగులో ముసుగులో ఉన్న నటుడికి ఇచ్చిన డైలాగే వేరట, అసలు మాట తర్వాత గొంతు అరువిచ్చిన జేమ్స్ ఎర్ల్ జోన్స్‌తో చెప్పించారట, ఆయన కూడా ముసుగువాడు అబద్ధమాడుతున్నాడనే అనుకున్నారట. అంతమంది అంత ఆలోచించారు. తల్లి సంగతి మాత్రం మా బామ్మ ఒక్కతే అడిగింది. ఇంటికొచ్చాక అంది: “లవకుశలో సీత ఉంది కాబట్టి తండ్రీ కొడుకుల గొడవ తీరింది. వీళ్లకు అడ్డుపడే ఆడమనిషి లేదు, అందుకే చెయ్యి తెగింది.”

#13 · హైదరాబాదీ97 · సోమవారం ఉదయం 8:05

తల్లి ఎవరో 1999 సినిమాలో చూపించారు కదా! ఆ మూడు సినిమాలను మీరంతా అన్యాయంగా

#14 · వేదిక నిర్వాహకుడు · సోమవారం ఉదయం 8:30

1999 తర్వాతి సినిమాల మీద వచ్చిన 14 పోస్టులను వేరే చర్చకు మార్చాను. పై పోస్టులో సగం వాక్యమే మిగిలింది, కావాలని చేసింది కాదు. ఇక్కడ మొదటి విడుదల సంగతులే మాట్లాడండి. “మక్లంకీ” అని మాత్రమే రాసిన 3 పోస్టులు తీసేశాను.

#15 · రీలుపెట్టె · సోమవారం ఉదయం 11:50

నాన్నగారి మాట నిజం. డాక్టరమ్మగారి మాటా నిజం. నిన్న రాత్రి నిద్ర పట్టక మా పాత సౌండు ఇంజనీరు మిత్రుడికి ఫోను చేసి నిర్ధారించుకున్నాను.

1977లో ఈ సినిమాకు శబ్దం ఒకటి కాదు, మూడు. 70 ఎంఎం ప్రింటుకు ఒకటి. అందులో ఫిల్ము అంచుల్లో అయస్కాంతపు పూత చారలు ఉంటాయి, వాటి మీద ఆరు ట్రాకులు. డాక్టరమ్మగారి కుర్చీ అదిరింది అందుకే. 35 ఎంఎం డాల్బీ స్టీరియో ప్రింటుకు రెండోది. ఇవి రెండూ పెద్ద హాళ్లకు. చిన్న హాళ్లలో తెర వెనుక ఒకే స్పీకరు, వాటికి మూడోది, మోనో. ఈ మోనోను ఉన్నదాన్ని కుదించి చేయలేదు, కూర్చుని మళ్లీ మొదటి నుంచి కలిపారు. విడుదల రోజున కూడా లూకాస్ ఆ పని మీదే ఉన్నాడు. భోజనానికి బయటికి వచ్చి, ఎదురుగా చైనీస్ థియేటర్ దగ్గర జనాన్ని చూసి ఎవరి సినిమా అనుకున్నాడట. తనదే.

మోనోను చివర కలిపారు కాబట్టి అప్పటికి తోచిన దిద్దుబాట్లు అందులో పడ్డాయి. ఏడు చోట్ల మాట 1977లో మోనోలో మాత్రమే ఉంది. 70 ఎంఎంలో లేదు, స్టీరియోలో లేదు. తర్వాతి రూపాల్లో మళ్లీ చేర్చారు. అందుకే డాక్టరమ్మగారు ఆరుసార్లు చూసినా వినలేదు, ఆరుసార్లూ ఒకే హాలు కదా. ఇంకో గుర్తు కూడా ఉంది. మోనోలో ల్యూక్‌ను పెంచిన ఆవిడ, అత్తో పిన్నో, ఆమె గొంతే వేరు.

#16 · డాక్టరమ్మ_డెట్రాయిట్ · సోమవారం రాత్రి 7:20

రీలుపెట్టె గారూ, 49 ఏళ్ల నా అహంకారం మీద నీళ్లు చల్లారు. అమ్మాయీ, నాన్నగారికి నా క్షమాపణ చెప్పు. ఆయన ఒక్కసారి చూసి విన్నది నేను ఆరుసార్లు చూసీ వినలేదని రాసిస్తాను.

#17 · నల్లముసుగు · సోమవారం రాత్రి 8:11

నేనూ ఓటు వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఒకటి మింగుడుపడటం లేదు. చెప్పాలా వద్దా అని గంట నుంచి ఆలోచిస్తున్నాను.

చైనీస్ థియేటర్ పెద్ద హాలు, స్టీరియో హాలు. మోనో ప్రింటు అక్కడ ఎందుకు వేస్తారు? పైగా జులై 4 అన్నారు. విలియం ఫ్రైడ్‌కిన్ తీసిన ‘సార్సరర్’ను ఆ హాలుకు ముందే ఒప్పుకుని ఉన్నారు. జూన్ నెలాఖరులో అది రావడంతో, హాలు కిటకిటలాడుతున్నా ‘స్టార్ వార్స్’ను తీసేయాల్సి వచ్చింది. కొత్తది ఆడలేదు. ఆగస్టు 3న మళ్లీ దీన్నే తెచ్చి, సిమెంటులో మరమనుషుల పాదముద్రలు వేయించారు. అంటే జులై 4న చైనీస్‌లో

#18 · డాక్టరమ్మ_డెట్రాయిట్ · సోమవారం రాత్రి 8:14

ఆ వాక్యం పూర్తి చేయనందుకు సంతోషం. చేయవద్దు.

#19 · రీలుపెట్టె · సోమవారం రాత్రి 8:30

నేను పొద్దున్నే గమనించాను. అందుకే రాయలేదు.

#20 · వానచినుకు · మంగళవారం రాత్రి 10:05

మీరు రాయకపోయినా ఆయన చదివేశారు. నేను ఆఫీసుకు వెళ్లినప్పుడు ట్యాబ్ తెరిచే ఉంది.

ఇంటికి వచ్చేసరికి అరుగు మీద కూర్చున్నారు. కరెంటు ఉంది కానీ లైటు వేయలేదు. “కూర్చో” అన్నారు.

జూన్‌లో రెండు బస్సులు మారి చైనీస్ థియేటర్‌కు వెళ్లారట, ఒక్కరే. మూడు గంటల క్యూ నిజం. లావాటి మనిషి నీడ నిజం. పాదముద్రల్లో కాలు పెట్టింది నిజం. కౌంటర్ పదడుగుల దూరం ఉందనగా ఆ ఆటకు టికెట్లు అయిపోయాయి. తర్వాతి ఆట చూస్తే ఆఖరి బస్సు పోతుంది. ఎదుటి దుకాణంలో ఆ థియేటర్ బొమ్మ ఉన్న పోస్టుకార్డు కొనుక్కుని, బస్‌స్టాపులో కూర్చుని మా పెదనాన్నకు రాశారట, “ఈ రోజు ఇక్కడ స్టార్ వార్స్ చూశాను” అని. ఎందుకలా రాశారంటే, ఊళ్లో పెదనాన్న ఉత్తరాలు అందరికీ చదివి వినిపిస్తారని. టికెట్ దొరకలేదని అమెరికా నుంచి ఎవరు రాస్తారు?

సినిమా జులై 4న చూశారు. యూనివర్సిటీకి దగ్గర్లో చిన్న ఊరు, చిన్న హాలు, తెర వెనుక ఒకే స్పీకరు, అదీ బరబరమనేది. పేరు గుర్తులేదు. వెనుక వరుసలో పిల్లలు టపాకాయలు జేబుల్లో పెట్టుకుని వచ్చారట, మందు వాసన గుర్తుందట. అప్పటికి పోస్టుకార్డు ఊరు చేరిపోయింది. ఇక దిద్దలేకపోయారు. క్యూ నిజం, సినిమా నిజం, రెండూ ఒకచోట జరగలేదు, అంతే.

“లూకాస్ దిద్దుకోలేదా, నేను దిద్దుకుంటే తప్పా?” అని నన్నే అడిగారు.

#21 · నల్లముసుగు · మంగళవారం రాత్రి 10:22

నాన్నగారిని క్షమించకపోతే నేను మనిషినే కాదు. మీ మొదటి ప్రశ్నకు సమాధానం ఇంతవరకూ ఎవరం ఇవ్వలేదు కాబట్టి చెబుతున్నాను. 2025 జూన్‌లో లండన్‌లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 1977 నాటి అసలు టెక్నికలర్ ప్రింటును ప్రదర్శించింది. ఆ పద్ధతిలో రంగు అద్దిన ప్రింట్లు ఎర్రబారవు. మామూలు ప్రింట్లు ఈపాటికి గులాబీ రంగుకు తిరిగిపోయి ఉంటాయి. 2027లో 50 ఏళ్ల సందర్భంగా 1977 రూపాన్నే శుభ్రం చేసి థియేటర్లలో వేస్తామని ప్రకటించారు. గ్రీడోకు మళ్లీ కాల్చే సందు ఉండదు.

#22 · హైదరాబాదీ97 · మంగళవారం రాత్రి 10:40

అయితే నా జబ్బా ఉండడా?

#23 · రీలుపెట్టె · బుధవారం ఉదయం 6:15

వానచినుకు గారూ, అది ఏ శబ్దంతో వేస్తారో కనుక్కోండి. స్టీరియో అయితే నాన్నగారి ఏడు చోట్ల మాట ఉండదు. మోనో అయితేనే తీసుకెళ్లండి.

#24 · వానచినుకు · బుధవారం రాత్రి 9:30

ఈ మాట చెప్పాను. “ఉండకపోతేనే మంచిది, ఆ ఇంజనీరింగు తప్పు” అన్నారు. తర్వాత పాత క్యాలెండర్ కాగితం చింపి, వెనుక స్కేలు పెట్టి గీశారు. రియాక్టరు, ఏడు కనెక్షన్లు, కిరణం. ఏడూ సమాంతరంగా. పక్కన ఎర్ర పెన్నుతో “ఇలా ఉండాలి” అని రాశారు. డాక్టరమ్మగారికి పంపమన్నారు. ఫొటో తీసి పెడుతున్నాను, మూల మడత పడింది, సరిగా కనపడకపోతే చెప్పండి.